ఒంటిచెవి తలకాయ

బుధవారం పొద్దున హోటలుకు నాలుగు తలకాయలు వచ్చినాయి. మూడింటికి రెండేసి చెవులుండాయి. నాలుగోదానికి ఒకటే.

పెంచలమ్మ ముందు అది చూసుకోలేదు. వెనక వంటింట్లో నీళ్ళతొట్టి పక్కన పీట వేసుకొని, కాల్చిన తలకాయలను ఒక్కొక్కటే తీసుకొని కత్తి వెన్నుతో మసి గీకుతాంది. నిజానికి అది ఆమె పని కాదు. ఆమె పని ముందరివైపు, అద్దాల గదిలో. కానీ గొర్రెల మధ్య పుట్టి, గొర్రెల మధ్యకే కోడలుగా వచ్చిన మనిషి. తలకాయను ఇంకొకరు గీకితే ఆమెకు మనసొప్పదు. ముక్కుసందుల్లో మసి వదిలేస్తారు, చెవుల వెనక అసలు వేలే పెట్టరు. అందుకే రాజుపాలెం వైపు నుంచి వచ్చే మొదటి బస్సుకే ప్రొద్దుటూరులో దిగి, చీర కొంగు దోపుకొని ఈ పీట మీద కూర్చుంటాది.

నాలుగోదాని ఎడమవైపు వేలు పోనిచ్చింది. చెవి తగల్లేదు. తిప్పి చూసింది. మొదలంటా కోసేసిన చోటు కాలి గట్టిపడి ఉండాది. కుక్క కొరికితే అంచులు పీలికలవుతాయి. ఇది కత్తికోత, ఒకే కోత.

ఆమె చేతులు ఆగిపోయినాయి.

కటికాయనకు గొర్రె చెవితో పనే లేదు, వాడు కొయ్యడు. బతికున్నదానికి ఎవరూ కొయ్యరు. చెవి కోసేది గొర్రెలు కాసేవాడు, అదీ గొర్రె చచ్చినంక. టౌన్లో ఉద్యోగం చేసుకునే సారు నాలుగు గొర్రెలు కొని కాపరి మందలో వదుల్తాడు. పుట్టే పిల్లల్లో సగం సారుకు, సగం కాపరికి. దాన్ని పాలుకు ఇయ్యడం అంటారు. అందులో ఒకటి రోగమొచ్చి చచ్చిందంటే కాపరి మాట సారు నమ్ముతాడా? వీడే అమ్ముకొని కథలు చెప్తాండాడేమో అంటాడు. అందుకని ఎడమ చెవి కోసి తీసుకపోయి చూపియ్యాల. తాత కాలం నుంచి అంతే. ఇన్నేండ్లు మందను కాసిన మనిషి నోటికి లేని విలువ, చచ్చిన గొర్రె చెవికుంటాది.

అంటే ఇది చచ్చిన గొర్రె. చచ్చినదాన్నే కోసి హోటలుకు పంపినారు.

పెంచలమ్మకు ఒళ్ళు మండింది. ఈ కూర ఎవరో తింటారు గదా, పిల్లాజెల్లా తింటారు గదా అని నోటికొచ్చిన తిట్టు తిట్టబోతా, మిగిలిన కుడి చెవి మీద మసిని బొటనవేలితో రుద్దింది. చెవి కింది అంచున రెండు చిన్న కోతలు కనపడినాయి, పక్కపక్కన, గోరంత ఎడంతో.

ఆ కోతలు పెట్టింది తనే. ఆరునెల్ల పిల్లప్పుడు, మోకాళ్ళ సందున అదిమి పట్టుకొని. అది వాళ్ళింటి గుర్తు. చుట్టుపక్కల ఇంకెవరి మందకూ ఆ గుర్తు లేదు.

తిట్టు నోట్లోనే ఉండిపోయింది.

మొన్న సోమవారం పొద్దున దొడ్లో రెండు గొర్రెలు చచ్చి పడినాయి. రాత్రి బాగా మేసి పడుకున్నవే. కడుపులు ఉబ్బి, ముక్కుల్లో నుంచి నల్లటి నెత్తురు కారతా ఉండాది, అది గడ్డ కట్టడంల్యా. పశువుల డాక్టరు వచ్చి పదడుగుల దూరంలోనే నిలబడి, "దొమ్మ రోగం లాగుండాది. మనుషులకు గూడా తగుల్తాది. కత్తి పెట్టొద్దు, తోలు తియ్యొద్దు. మనిషిలోతు గుంత తీసి సున్నమేసి పూడ్చండి" అని శానాసార్లు చెప్పి పోయినాడు. మొగుడు గంగులయ్య తలూపినాడు. మొదటి బస్సు తప్పిపోయింది, రెండోదన్నా అందుకోవాలని పెంచలమ్మ వచ్చేసింది. సాయంత్రం పోయి అడిగితే "పూడ్చినా" అన్నాడు. పారకు తడి మట్టి గూడా అంటుకొని ఉండింది.

పూడ్చిన గొర్రె తలకాయ ఇప్పుడు తన ఒళ్ళో ఉండాది. రెండోదాని తలకాయ ఇంకే హోటలుకు పోయిందో.

చుట్టూ చూసింది. ఎవరూ లేరు. కత్తి తిప్పి, కుడి చెవిని గూడా మొదలంటా కోసింది. నడుముకున్న వక్కాకు తిత్తి విప్పి, ఆకులూ వక్కలూ పక్కకు జరిపి, ఆ చెవిని అడుగున దాపెట్టింది. ఎందుకట్ల చేసిందో ఆమెకే తెలీదు. చేతులు చేసేసినాయి.

"ఏందక్కా, దయ్యాన్ని చూసినదాని మాదిరి అట్ల కూర్చున్యావు?" మెహబూబున్నీసా మసాలా గిన్నెతో లోపలికొచ్చింది. ఆ హోటల్లో కూరలన్నీ ఆమె చేతివే. పేరు అందరికీ నోరు తిరగదని మెహబూబమ్మ అంటారు.

"ఈ తలకాయ బాగలేదు బూబమ్మా. చచ్చిన గొర్రెది."

గిన్నె ఠక్కున దించింది ఆమె. "యా అల్లా! నీకెట్ల తెలుసు?"

"తెలుసు. మేం గొర్రెలోళ్ళం."

"చచ్చినదైతే మాకు హరామక్కా! మిగిలిన కూర రోజూ నా బిడ్డలకు తీసకపోతా. ఆ అవినాషప్పకు చెప్పు పోయి. నువ్వు చెప్తే వింటాడు, నీ మొగం చూపించి గదా యాపారం చేస్తాండేది!"

*

మెహబూబమ్మ అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. హోటలు పేరే 'అవ్వ సంగటి'. ఊరి నడిబొడ్డున, బంగారంగళ్ళకు నాలుగడుగుల దూరంలో, మూడు గజాల బోర్డు మీద పెంచలమ్మ ముడతల మొహం నవ్వుతా ఉంటాది. లోపల ఏసీ. గోడలకు ఎర్రమట్టి రంగు, మూలన ఎప్పుడూ తిరగని తిరగలి, దూలాలకు వెలగని లాంతర్లు. ఇంట్లో సంగటంటే మూతి ముడుచుకునే పిల్లోళ్ళు ఈడికొచ్చి ముద్దతో ఫోటోలు దిగుతారు. బెంగుళూరు కంపెనీలో పని మానుకొని వచ్చిన అవినాష్‌కు ఈ ఆలోచన యాడ తట్టిందో గానీ, రెండేండ్లలో ఆదివారమొస్తే గేటు బయట గంటసేపు నిలబడే జనమొచ్చినారు. వచ్చే నెల పులివెందులలో ఇంకోటి తెరుస్తాండాడు.

తలకాయ సంగతి చెప్తే అవినాష్ ఫోన్లోంచి తలెత్తలేదు.

"కుక్క కొరికింటాది అవ్వా."

"కుక్క కాదప్పా, కత్తి. చచ్చినంక కోసిన చెవి. మాకు తెలీదా?"

"ఎవరి గొర్రె? యాడ చచ్చింది? ఏమన్నా సాక్ష్యముందా?"

పెంచలమ్మ చెయ్యి నడుము దగ్గర తిత్తి మీదికి పోయింది. ఆడే ఆగింది. చూపిస్తే, ఈ గుర్తు ఎవరిదని అడుగుతాడు. మాదే అనాల. అప్పుడు గంగులయ్యను పోలీసులు తీసకపోతారు. పాలుకిచ్చిన జమ్మలమడుగు సారు తన గొర్రెలన్నీ తోలకపోతాడు. డెబ్బై ఏండ్ల మనిషి, గొర్రెలు తప్ప ఇంకో పని తెలీని మనిషి.

"సాక్ష్యమేముంటాదిలేప్పా," అనింది.

"మైదుకూరు నుంచి ఆటోలో తెచ్చిచ్చే ఆయప్ప నాకు బాగా తెలిసినోడు. ఫ్రీజర్లో ఆదివారానికి సరిపోయే మాంసం గూడా పెట్టి పోయినాడు. ఇట్లాంటియి నలుగుర్లో అనొద్దవ్వా. పులివెందుల పని నడుస్తాంది." అప్పుడు తలెత్తి బోర్డు మీది బొమ్మ మాదిరే నవ్వినాడు. "గంట గంటన్నర ఉడుకుతాది గదా. ఏముంటాది దాంట్లో?"

గంటన్నర ఉడుకుతాది. ఆ మాట పట్టుకొని పెంచలమ్మ అద్దాల గదిలోకి పోయింది.

ఎసరు కాగుతాంది. నూకలు మెత్తగా ఉడికినంక రాగిపిండి మధ్యలో కుప్పగా పోసి, మూతేసి, పిండికి ఆవిరెక్కినంక తెడ్డు దించింది. గిన్నెను రెండు పాదాలతో అదిమిపట్టి, నడుముతో సహా వంగి గెలుకుతాంటే అద్దానికి అవతల జనం ఫోన్లు పైకెత్తినారు. రోజూ ఎత్తుతారు. రోజూ ఆమె ఒకసారి తలెత్తి నవ్వుతాది. ఈపొద్దు మర్చిపోయింది.

పన్నెండున్నరకు నీరజ టీచరు కూతురు హాసినితో వచ్చింది. బుధవారం బడికి ఒంటిపూట ఉందంటే వాళ్ళు ఈడికే వస్తారు. హాసినికి ఆరేండ్లు. కిటికీ పక్క బల్లే కావాలంటాది, ముద్ద అవ్వే తెచ్చి పెట్టాలంటాది. పెట్టకపోతే నోరు తెరవదు. పెంచలమ్మకు ఆ పిల్లంటే ప్రాణం. పెద్దోళ్ళకు చేసే ముద్ద గాకుండా, చిన్న గిన్నెను తడిపి నిమ్మకాయంత ముద్ద ఆడించి తీసకపోతాది.

ఈపొద్దు ముద్దకు పక్కన చెనిక్కాయలు నూరిన ఊరిబిండి పచ్చడి పెట్టింది.

"పులుసేదీ?" అనింది హాసిని.

"ఊరిబిండి బాగుండాదే బంగారూ. నెయ్యి గూడా వేసినా చూడు."

"నాకు పులుసే కావాల."

"తలకాయ పులుసు బలమంటారు గదవ్వా, కొంచెం పొయ్యి," అనింది నీరజ. "ఇంట్లో ఏమీ తినదు. నీ చేత్తో పెడితేనే ఆ రెండు ముద్దలు తినేది."

పెంచలమ్మ నిలబడింది. పక్క బల్లవాళ్ళు చూస్తాండారు. గల్లా దగ్గర నుంచి అవినాష్ చూస్తాండాడు. పులుసు గిన్నె చేతిలోనే ఉండాది. గంటన్నర ఉడికింది, నిప్పుకు నిలబడే రోగముంటాదా అనుకునింది. ముద్ద నడుమ వేలితో గుంట చేసి, గరిటెడు పోసింది. పిల్ల మూతికి పులుసు పూసుకొని తినింది, గుంట ఖాళీ చేసి మళ్ళీ అడిగింది. మళ్ళీ పోసింది.

*

సాయంత్రం ఇంటికి పోయేసరికి గంగులయ్య మందను దొడ్లోకి తోలి, గేటుకు కంప అడ్డం పెడతాండాడు. ఎడమ బొటనవేలికి గుడ్డపేలిక కట్టుకొని ఉండాడు.

"ఏమైంది మామా వేలికి?"

"తుమ్మముల్లు."

"నొప్పిగా ఉండాదా?"

"నొప్పేం ల్యా. కొంచెం దురద."

కాళ్ళు కడుక్కొనొచ్చి గడప మీద కూర్చునింది. "జమ్మలమడుగు పోయొచ్చినావా?"

"నిన్ననే పోయొచ్చినా." గంగులయ్య గొంతు పెరిగింది. ఆ ముచ్చట చెప్పుకోడానికి ఎవరూ దొరక్క ఎదురుచూస్తాండాడు. "ఫోన్లో చెప్తే నమ్మడంట. ఫోటో పంపితే నమ్మడంట. ఎవరి గొర్రె ఫోటోనో ఎవరికి తెలుసంటాడు. చెవులు తీసుకొని రా అన్యాడు. రెండు బస్సులు మారి పోతే, బండి తుడుచుకుంటా, పుల్లతో అట్ల తిప్పి చూసి, సరే అని కాలవలో పారేసినాడు. నీళ్ళు తాగుతావా అనల్యా."

"కత్తి పెట్టొద్దన్యాడు గదా డాక్టరు?"

"కత్తి పెట్టకుండా చెవెట్లొస్తాది? నీ నాయిన పెరుకుతాడా?"

"పూడ్చింది యాడ?"

"వంకగట్టున."

"చూపి."

గంగులయ్య కంప వదిలిపెట్టి ఇటు తిరిగినాడు. "ఏంది చూపిచ్చేది? ఆ సారు నమ్మడంల్యా, ఇప్పుడు నువ్వు గూడా నమ్మవా? నీక్కూడా చెవి తేవాల్నా?"

చెవి నా దగ్గరే ఉండాది అనే మాట ఆమె నాలుక కొస దాకా వచ్చింది. నలభై ఎనిమిదేండ్ల కాపురంలో ఈయప్ప ఆమెను తిట్టినాడు, కొట్టబోయినాడు, అలిగి మందతో నెలరోజులు రాకుండా పోయినాడు. అబద్ధం మాత్రం ఆడలేదు. ఇప్పుడు ఆడుతాండాడు, ఆడేకి చాతగాక కోపం తెచ్చుకుంటాండాడు. ఆమెకు కోపం కన్నా ఎక్కువ భయమేసింది.

"ఆదివారం మా హోటలుకు రా మామా," అనింది.

"నేనా? ఆడికా? ఎందుకు?"

"రెండేండ్ల నుంచి ఊరందరికీ పెడతాండా. కట్టుకున్నోనికి ఒక్కరోజు పెట్టలేదు. వచ్చి అందరి నడుమ కూర్చొని, తలకాయ కూరతో సంగటి తిను."

గంగులయ్య ఆమె మొహంలోకి చూసినాడు. ఆమె ఆకు మీద సున్నం రాస్తాంది.

"వస్తాలే," అన్నాడు.

*

గురు, శుక్రవారాలు అట్లనే గడిచినాయి. తెడ్డు తిప్పింది, ముద్దలు చేసింది, నవ్వమంటే నవ్వింది. తలకాయ పులుసు కావాలన్న ప్రతి బల్లకూ "ఊరిబిండి తినండప్పా, గోంగూర తినండమ్మా" అని చెప్పి చూసింది. నలుగురు విన్నారు, పదిమంది వినలేదు. శుక్రవారం అవినాష్ లోపలికొచ్చి, "అవ్వా, మటన్ అడిగినోళ్ళకు గోంగూర అమ్ముతాండావంట? నాకేమన్నా శత్రువువా?" అన్నాడు. నవ్వుతానే అన్నాడు గానీ తలుపు గట్టిగా వేసి పోయినాడు.

మెహబూబమ్మ ఆ మూడ్రోజులూ మిగిలిన కూర ఇంటికి తీసకపోలేదు. పెంచలమ్మతో ముక్తసరిగా మాట్లాడింది. శనివారం ఉల్లిగడ్డలు తరుగుతా ఉన్నట్టుండి కత్తి దించి అడిగింది.

"అక్కా, ఆ తలకాయకు ఒక చెవి ఉండింది గదా. నేను కడిగేటప్పుడు అది గూడా ల్యా. ఎవరు కోసినారు?"

పెంచలమ్మ రాగిపిండి జల్లెడ పట్టడం మొదలుపెట్టింది.

"నేను ఎవరితోనూ అనను. కానీ నువ్వు మాట్లాడాల్సినప్పుడు మాట్లాడకపోతే నీతో మళ్ళా కలిసి వండను. అది మాత్రం చెప్తాండా." కళ్ళు తుడుచుకొని మళ్ళీ ఉల్లిగడ్డలు తీసుకునింది.

ఆ సాయంత్రం ఇంట్లో గంగులయ్య బువ్వ సగంలో వదిలేసినాడు. ఒళ్ళు వెచ్చగా ఉండాది. వేలు చూపించమంటే చూపించలేదు. గుడ్డ పైదాకా, ముంజేతి వరకు వాచి ఉండాది. నొప్పి లేదన్నాడు. ఆ నొప్పి లేకపోవడమే ఆమెకు నచ్చలేదు.

*

ఆదివారం పదకొండుకే గేటు బయట జనం. ఫ్రీజర్లోని మాంసమంతా పొయ్యిల మీదుండాది. కార్తీక్, అర్చన అని ఇద్దరొచ్చినారు. ఊరూరా తిరిగి తిండి వీడియోలు తీసేవాళ్ళు. అవినాష్ వాళ్ళను వెంటేసుకొని తిప్పుతాండాడు.

గంగులయ్య ఉతికిన పంచె, కొత్త తుండుగుడ్డతో వచ్చి, లోపలికి రావాల్నా వద్దా అని అద్దం బయటే నిలబడినాడు. అవినాష్‌కు సంగతి తెలిసి ఎదురుపోయినాడు.

"రా తాతా, రా! అవ్వ చేత్తో తాతకు ముద్ద. ఇంతకన్నా ఏం కావాల? పులివెందుల బోర్డుకు ఇదే ఫోటో!" అని హాలు నడుమ బల్ల దగ్గర కూర్చోబెట్టినాడు. కార్తీక్ కెమెరా సర్దుకున్నాడు. గంగులయ్య కట్టుకట్టిన చెయ్యిని ఒళ్ళో తుండుగుడ్డ కింద పెట్టుకున్నాడు.

పెంచలమ్మ తెడ్డు దించుతాంటే అద్దాల గది తలుపు తోసుకొని నీరజ టీచరు వచ్చింది. జుట్టు సరిగా దువ్వుకోలేదు. చేతిలో చిన్న టిఫిను గిన్నె ఉండాది.

"అవ్వా, కొంచెం రాగిజావ కాచిస్తావా? పల్చగా. పాప శుక్రవారం నుంచి ఏమీ తినడంల్యా. కడుపు నొప్పంటాంది, జ్వరం తగ్గడంల్యా. వాంతుల్లో ఈపొద్దు నెత్తురు చార మాదిరి కనపడింది. ఆస్పత్రికి పోతాండాం. అవ్వ జావ అయితేనే తాగుతానంటాంది."

పెంచలమ్మ గిన్నె అందుకొని పొయ్యి దిక్కు తిరిగింది. జావ కలిపేంతసేపూ నీరజ చెప్తానే ఉండాది, ఏం తినిందో ఏమో, బయట ఐస్‌క్రీము తినిందేమో అని. తనను తానే తిట్టుకుంటాంది. బుధవారం ఆ గుంటలో రెండుసార్లు పోసిన గరిటె పెంచలమ్మకు గుర్తుకొచ్చింది.

"ఒక్క నిమిషం ఆగు టీచరమ్మా. పోవద్దు. నీకొక మాట చెప్పాల," అనింది.

పెద్ద గిన్నెలోంచి సంగటి తీసి, తడి గిన్నెలో ఆడించి, నున్నగా ముద్ద చేసింది. నడుమ వేలితో గుంట పెట్టింది. తిత్తి విప్పింది. ఆకుల అడుగున, సున్నం అంటుకొని, నల్లగా ముడుచుకుపోయిన చెవిని తీసి ఆ గుంటలో పెట్టింది. పైన పులుసు పొయ్యలేదు. పళ్ళెం తీసుకొని హాల్లోకి నడిచింది.

"అవ్వా, కొంచెం ఇటు చూసి నవ్వు," అనింది అర్చన.

పెంచలమ్మ పళ్ళెం మొగుని ముందర పెట్టి, పక్కన నిలబడింది.

"తిను మామా."

గంగులయ్య కుడిచెయ్యి పళ్ళెం మీదికి పోయి ఆగిపోయింది. ఆ చెవి కింది అంచున రెండు కోతలు. గోరంత ఎడం. అట్లనే చూస్తా కూర్చున్నాడు. ఎవరో చెవి పట్టి లాగినట్లు తల వంగిపోయింది. పక్క బల్ల మీద నలుగురు మగపిల్లోళ్ళు తలకాయ కూరలో ముద్ద ముంచుతాండారు. గంగులయ్య వాళ్ళ దిక్కు చూసినాడు, వాళ్ళ చేతుల దిక్కు చూసినాడు.

"తినొద్దప్పా," అన్నాడు.

ఎవరికీ వినపడలేదు. లేచి నిలబడినాడు. ఈసారి మందను అదిలించే గొంతుతో అరిచినాడు.

"తినొద్దు! ఎవరూ తినొద్దు! అది రోగంతో చచ్చిన గొర్రె! మా మందలోదే!"

హాలంతా చెంచాలు ఆగిపోయినాయి.

"డాక్టరు పూడ్చమన్యాడు. గుంత తీద్దామని పోయినా. నేల రాయి, మోకాలిలోతు దిగేసరికి నాకు కండ్లు తిరిగినాయి. మైదుకూరు ఆటో ఆయప్ప వచ్చి, నాకియ్యి, కుక్కలకేస్తానన్యాడు. చేతిలో నోట్లు పెట్టినాడు. కుక్కలకు నోట్లెందుకిస్తాడు? నాకు తెలుసు. నమ్మినట్ల చేసినా." ఎడమచెయ్యి పైకెత్తి గుడ్డ విప్పినాడు. బొటనవేలి మొదట్లో పావలా బిళ్ళంత పుండు, చుట్టూ నీటిపొక్కులు, నడుమ బొగ్గు నలుపు. "దాని ఎడమ చెవి కోసిన చెయ్యిది. చూడండి."

పక్క బల్ల పిల్లోళ్ళలో ఒకడు నోటి దగ్గరి ముద్ద కింద పడేసినాడు. ఎవరో కుర్చీ తన్నుకొని వాంతి చేసుకునేకి బయటికి పరుగెత్తినారు.

"ముసలాయనకు మతి లేదు! కెమెరా ఆపండి! వీడియో ఆపు బాస్!" అవినాష్ అటూ ఇటూ పరుగెత్తుతాండాడు. కార్తీక్ ఆపలేదు.

వంటింట్లో మెహబూబమ్మ పొయ్యిలన్నీ కట్టేసి, కూర గిన్నెలకు మూతలేసి, ఒక్కొక్క మూత మీద బరువు పెట్టి, తలుపుకు అడ్డంగా నిలబడింది. పారబోస్తామని వచ్చిన వాళ్ళతో, "ఆఫీసరోళ్ళు వచ్చేదాకా దీన్ని ముట్టుకుంటే చేతులు విరుస్తా," అనింది.

పెంచలమ్మ ఆ గలాటా ఏదీ చూడలేదు. జావ గిన్నె పట్టుకొని నిలబడిపోయిన నీరజ దగ్గరికి పోయింది. నీరజకు అప్పటికే సగం అర్థమైంది, మిగతా సగం అర్థం చేసుకోడానికి ఇష్టంలేక ఆమె మొహంలోకి చూస్తాంది.

"బుధవారం నీ బిడ్డకు పోసింది అదే పులుసు టీచరమ్మా. నాకు పొద్దున్నే తెలుసు. తెలిసే పోసినా," అనింది పెంచలమ్మ.

నీరజ ఆమెను కొట్టలేదు, తిట్టలేదు. ఆ చేతుల దిక్కు ఒక్కసారి చూసి, గిన్నె వదిలేసి పరుగెత్తింది.

*

సర్కారు ఆస్పత్రిలో హాసినికి సూదులేసి, సెలైను పెట్టి, అంబులెన్సులో కడపకు పంపించినారు. రోగమేందో తెలిసింది కాబట్టి మందు వెంటనే పడింది, ఇంకో పూట దాటుంటే చెప్పలేకపోయేదాన్ని అనింది డాక్టరమ్మ. ఇప్పుడు మాత్రం చెప్పగలరా అని ఎవరూ అడగలేదు. గంగులయ్యను లోపలి వార్డులో పడుకోబెట్టినారు. తలుపు దగ్గర పోలీసాయన కుర్చీ వేసుకున్నాడు. అవినాష్ ఫోను పలకడంల్యా. హోటలుకు తాళమేసి ఉండాదంట. బోర్డు మీద అవ్వ మాత్రం నవ్వుతానే ఉండాదని మెహబూబమ్మ వచ్చి చెప్పింది. చెప్పి, పోకుండా బెంచీ మీద పెంచలమ్మ పక్కన్నే కూర్చునింది.

డాక్టరమ్మ పెంచలమ్మ చేతులు రెండూ తిప్పి తిప్పి, గోళ్ళ సందులు గూడా చూసి, మాత్రలు రాసిచ్చింది. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కొని కూర్చునింది.

"అవ్వా, బుధవారం నుంచి ఈపొద్దు దాకా ఆ కూర తిన్నోళ్ళందరినీ వెతకాల. ఒక్కరు మిగిలినా కష్టమే. హోటలాయన దొరకడంలేదు. నీకెవరన్నా గుర్తుండారా?"

ముద్ద చేసి చేత్తో అందిచ్చిన మనుషులు. ఎవరికి పెద్దది కావాల, ఎవరికి మెత్తగా కావాల, ఎవరు రెండోసారి అడిగినారు అన్నీ ఆమెకు తెలుసు. గోంగూర తినండని చెప్తే విన్న నలుగురు తెలుసు. వినని వాళ్ళందరూ తెలుసు. వాళ్ళ ఇండ్ల గడపలన్నీ తొక్కి, తెలిసే పెట్టినానని ఒక్కొక్కరికీ చెప్పాల్సి వస్తాదని గూడా తెలుసు.

పెంచలమ్మ కళ్ళు మూసుకునింది. ఒళ్ళో ఆమె అరచేతులు తడి గిన్నె పట్టుకున్నట్లు ఒకదాని మీద ఒకటి చేరి, మెల్లగా తిరిగినాయి.

"రాసుకో తల్లీ," అనింది. "బుధవారం మధ్యాన్నం. కిటికీ పక్క బల్ల పాప నీకు తెలుసు. దాని వెనక బల్లలో బట్టలంగడి ఆయప్ప, ఆయన భార్య. ఆయమ్మ కడుపుతో ఉండాది."